ఎల్వుడ్ కెర్ష్నర్ అండ్ సన్

ఎల్వుడ్ కెర్ష్నర్‌కి ఎనభై నాలుగేళ్లు. చెవి కాస్త మందం, మోకాళ్లు అరిగిపోయాయి, చేతులు వణుకుతాయి. నోరు మాత్రం దివ్యంగా పనిచేస్తుంది. ఆ నోటితో ఆయన తన కూతురు లోర్నాని ఇంతవరకు ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. తిట్టిందీ తక్కువే. తిట్టాలన్నా ముందు మనిషిని లెక్కలోకి తీసుకోవాలి కదా.

అలాంటివాడు ఆ వేసవిలో తనంతట తనే కూతురికి ఫోన్ చేశాడు.

"లోర్నా, ఖాళీగా ఉన్నావా?"

"ఖాళీ ఏమిటి నాన్నా, ఫ్యాక్టరీకి బయల్దేరుతుంటే."

"అయితే సాయంత్రం ఇటు రా. ఒకటి చూడాలి."

చెప్పాల్సింది అయిపోయిందనుకుంటే ఆయన ఫోన్ పెట్టేస్తాడు. అవతలివాళ్ల సంగతి ఆయనకు అనవసరం.

చూడాల్సిన ఆ 'ఒకటి' ఏమిటో లోర్నాకి తెలుసు. బెర్క్స్ కౌంటీలో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఎల్వుడ్ తండ్రి పనిచేసిన పిండి మిల్లులో ఒక పెద్ద ఇంజను ఉండేది. ఒకటే సిలిండరు, అటొకటి ఇటొకటి మనిషి ఛాతీ ఎత్తు ఇనప చక్రాలు. మిల్లు మూసేసినప్పుడు తుక్కుకి పోవాల్సినదాన్ని ఎల్వుడ్ అడ్డం పడి ఇంటికి తెచ్చుకున్నాడు. ఏళ్ల తరబడి అది కొట్టంలో టార్పాలిను కింద పడి ఉంది. పోయిన రెండు చలికాలాలూ తండ్రీ కొడుకులు దానితోనే కుస్తీ పట్టారు. కొడుకు కర్టిస్ పని చేశాడు, తండ్రి స్టూలు మీద కూర్చుని అరిచాడు. ఇద్దరూ బాగానే అలిసిపోయారు.

లోర్నా వెళ్లేసరికి ఇంజను ముదురాకుపచ్చ రంగులో, ఎర్రటి గీతలతో పెళ్లికొడుకులా నిలబడి ఉంది. కర్టిస్ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. యాభై రెండేళ్లవాడు, తండ్రి ఎదుట ఇప్పటికీ చేతులు కట్టుకునే నిలబడతాడు.

"అంతా అయింది. నూనె గొట్టాలే మిగిలాయి," అన్నాడు ఎల్వుడ్.

ఇంజను నెత్తిన ఇత్తడి నూనె పెట్టె ఉంది. దానికి వరసగా చిన్న చిన్న గాజు గొట్టాలు. ఒక్కో గాజులో నూనె ఒక్కో చుక్కగా పడి, కిందనున్న రాగి గొట్టంలోంచి జారి, ఒక్కో బేరింగుకి చేరాలి. పాత రాగి గొట్టాలు పగుళ్లు బారాయి. వాటిని బిగించే ఇత్తడి ఫిట్టింగులనైతే ఏ కాలంలోనో ఎవడో బుద్ధిలేనివాడు పట్టకారుతో తిప్పి మరలన్నీ నమిలేశాడు. కొత్తవి కొందామంటే దొరకవు. ఆ ఇంజను చేసిన కంపెనీ తన మరలు తనే కొలత పెట్టి కోసుకుంది, ఆ కొలత ఇంకెవరూ వాడలేదు. ఆ కంపెనీ ఎల్వుడ్ పుట్టకముందే మూతపడింది. కాబట్టి లేతు మిషను మీద ఒక్కొక్కటీ తయారు చేసుకోవాల్సిందే.

కర్టిస్ ప్లంబరు. ఎవరింట్లో నీళ్లు కారినా అతన్నే పిలుస్తారు. లేతు దగ్గర నిలబడమంటే మాత్రం చెమటలు పడతాయి. ఎల్వుడ్ చేతుల మీద కాఫీ కప్పుకే నమ్మకం లేదు. ఇక మిగిలింది పంపుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లుగా లేతు మీద నిలబడ్డ లోర్నా ఒక్కతే. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆయనకు రెండు చలికాలాలు పట్టింది.

లోర్నా పాత ఫిట్టింగొకటి తీసి వెలుగులో పెట్టి చూసింది.

"చేస్తాను. కానీ ఒక మాట."

"ఏమిటట?"

"జాతరలో మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు హార్లన్ మైకులో పేర్లు చదువుతాడు కదా. నా పేరు కూడా చదివించు."

ప్రతి శరత్కాలంలోనూ జరిగే ఇంజన్ల జాతరలో అదొక మర్యాద. బాగుచేసిన ఇంజను జనం ముందు మొదటిసారి కదిలేటప్పుడు, చేసినవాళ్ల పేర్లు మైకులో చదువుతారు. జనం టోపీలు తీస్తారు. అంతే, అంతకుమించి బహుమతీ లేదు, కాగితమూ లేదు. చిన్నప్పుడు లోర్నా తండ్రి భుజాల మీద కూర్చుని ఆ పేర్లు వినేది. ఒక్కసారైనా ఆ మైకులో తన పేరు వినాలని అప్పుడే అనుకుంది. యాభై ఏడేళ్లొచ్చినా ఆ కోరిక చావలేదు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి.

"ముందు చెయ్యి. తర్వాత చూద్దాం," అన్నాడు ఎల్వుడ్.

లోర్నా దాన్ని మాట ఇచ్చినట్టే లెక్కవేసుకుంది.

ఆ రోజు నుంచి డ్యూటీ దిగగానే కొట్టానికి వచ్చేది. ఆ లేతు ఎల్వుడ్‌దే. పదిహేనేళ్ల వయసులో లోర్నా దాని హ్యాండిలు మీద చెయ్యి వేస్తే, "జుట్టు చుట్టుకుని తల ఊడొస్తుంది, పోయి బంగాళాదుంపలు చెక్కు," అని తరిమేశాడు. మర్నాడే కర్టిస్‌ని అక్కడ నిలబెట్టాడు. వాడికప్పుడు పదేళ్లు. వాడు ఏడ్చాడు. ఇప్పుడు లోర్నా జుట్టు చెవుల పైదాకా కత్తిరించి ఉంది. ఎల్వుడ్ స్టూలు జరుపుకుని కూర్చుని రోజూ చూసేవాడు. ఏమైనా అంటాడేమోనని ఆమె చెవులు రిక్కించేది. ఆయన ముక్కు చీదుకునేవాడు.

ఆరు పలకల ఇత్తడి కడ్డీని లేతుకి పట్టించి, మధ్యలో బెజ్జం వేసి, మూతి లోపల గుంట చెక్కేది. ఆ గుంటలో రాగి గొట్టం చివరనుండే కోను కూర్చోవాలి. కోను వాలుకీ గుంట వాలుకీ వెంట్రుకవాసి తేడా వచ్చినా నూనె కారుతుంది. ఆ తర్వాత ఆ దిక్కుమాలిన మరలు. పనిముట్టుని ఆ పాత కొలతకే సానపట్టుకుని, పొర తర్వాత పొర కోసేది. మొదటిది పాడైంది. రెండోది నట్టులో సగం దాకా వెళ్లి మొరాయించింది. మూడోది వేలితో తిప్పితేనే చివరిదాకా నడిచింది. లోర్నా ఎవరూ చూడకుండా దాన్ని ముద్దు పెట్టుకుంది. ఎల్వుడ్ చూశాడు గానీ చూడనట్టే ఉన్నాడు.

రాగి గొట్టాలను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి చెప్పిన మాట వింటాయి. ఒక్కొక్కదాన్నీ ఇంజను ఒంటికి అంటీ అంటనట్టు వంచి, చివర్లకి వెండి టంకంతో కోనులు అతికించింది. అన్నీ అయ్యాక కర్టిస్‌ని పిలిచింది.

"ఇది చూడరా. కోను గుంటలో కూర్చుంటుంది, నూనెని ఆపేది అదే. మరలు కేవలం దాన్ని నొక్కి పట్టుకోవడానికి. అందుకని నీళ్ల గొట్టాలకి చుట్టే నీ తెల్ల టేపు వీటి దగ్గరికి తేకు."

"అలవాటక్కా. మర కనపడితే చాలు, చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది."

"అయితే ఆ జేబు కుట్టించుకో."

కర్టిస్ నవ్వాడు. మంచివాడే పాపం. చెడ్డవాళ్లతోనైతే వేగడం తేలిక. ఇలాంటి మంచివాళ్లతోనే చచ్చే చావు.

ఎల్వుడ్ లేచి వచ్చి, వణుకుతున్న వేలితో ఒక ఫిట్టింగు మీద తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"ఇత్తడి కాస్త వృథా చేశావు," అన్నాడు చివరికి.

జాతర రోజు పొద్దున లోర్నాకి డ్యూటీ పడింది. మార్చుకుందామంటే ఎవరూ దొరకలేదు. ఇంజనుని ట్రెయిలరు మీద ఎక్కించి, మైదానంలో దింపి, గొట్టాలు బిగించే పనంతా తండ్రీ కొడుకులే చూసుకున్నారు. ఆమె ఫ్యాక్టరీ బట్టలతోనే పరుగెత్తుకుంటూ వచ్చేసరికి మైదానమంతా పొగ, పొగతో పాటు రాగి డేగిసాల్లో ఉడుకుతున్న యాపిల్ ముద్ద వాసన. జనం అప్పటికే ఇంజను చుట్టూ మూగి ఉన్నారు. ట్రెయిలరు మీద కర్టిస్ ఆరేళ్లవాడుగా ఉన్నప్పుడు రాయించిన బోర్డు ఉంది. 'ఎల్వుడ్ కెర్ష్నర్ అండ్ సన్.' దానికి కొత్తగా రంగు కూడా వేయించారు.

హార్లన్ మైకు పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. ఎర్ర మొహం, పెద్ద పొట్ట, ఆ జాతరకి ఎన్నేళ్ల నుంచో అతనే గొంతు.

"ఇదిగో, మన పాత మిల్లు ఇంజను! మళ్లీ ప్రాణం పోసినవాళ్లు ఎల్వుడ్ కెర్ష్నర్, ఆయన కొడుకు కర్టిస్!"

జనం టోపీలు తీశారు. లోర్నా ఇంకో పేరు కోసం ఆగింది. హార్లన్ మైకు కిందికి దించేశాడు.

కర్టిస్ చక్రం పట్టుకుని గుంజాడు. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి ఉమ్మింది, మూడోసారి అందుకుంది. నేల అదిరింది. ఎల్వుడ్ మడత కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. పక్క ఇంజను తాలూకు రే మోయర్ అనే ఆయన వచ్చి వంగి చూసి, "ఈ ఫిట్టింగులు ఎక్కడ పట్టావు ఎల్వుడ్? ముద్దొస్తున్నాయి," అన్నాడు.

"పడితే దొరికేవి కావు. మా కొట్టంలో పుట్టినవి," అన్నాడు ఎల్వుడ్ ఛాతీ విరుచుకుని.

కొట్టమే కన్నట్టు! లోర్నాకి కడుపు మండిపోయింది. రే మోయర్ అటు వెళ్లగానే తండ్రి చెవి దగ్గర వంగింది.

"నాన్నా, నా పేరు చెప్పించలేదేం?"

"ఆఁ?"

"నా పేరు!"

"హార్లన్ బోర్డు చూసి చదివాడు. బోర్డు మీద ఏముంటే అదే చదువుతాడు. ఇప్పుడా గొడవెందుకు? ఇంజను చూడు, ఎట్లా నడుస్తోందో."

లోర్నా పళ్లు బిగించి ఇంజను వైపు తిరిగింది. నిజం చెప్పాలంటే, చూస్తూ ఉంటే ఆ కోపంలోనూ సంతోషం ఆగలేదు. ప్రతి గాజులోనూ చుక్క మీద చుక్క నూనె పడుతోంది. తన ఫిట్టింగుల మీద ఒక్కచోట కూడా తడి లేదు. పోనీలే, పేరు లేకపోతే లేదు, పని ఉంది కదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఇలా సర్దిచెప్పుకోవడంలో ఆమెకు చిన్నప్పటి నుంచీ మంచి సాధన ఉంది.

మొక్కజొన్న కండెలు ఒలిచే యంత్రానికి బెల్టు తగిలించారు. బరువు పడగానే ఇంజను గొంతు మారింది. కాసేపు బాగానే లాగింది. తర్వాత మాడు వాసన వచ్చింది. లోర్నా "ఆపరా!" అని అరిచేలోపే లోపల ఠకఠకా కొట్టుకుని, కీచుమని ఏడ్చి, ఇంజను ఉన్నచోట ఉన్నట్టే బిగుసుకుపోయింది. బెల్టు తెగిన పాములా ఎగిరి గడ్డిలో పడింది. కుడిపక్క చక్రం దగ్గరి బేరింగులోంచి, లోపలి పూతగా కర్టిస్ కరిగించి పోసిన తెల్ల లోహం మళ్లీ కరిగి బొట్లు బొట్లుగా కారుతోంది.

ఎవరికి తోచినట్టు వాళ్లు అరుస్తుంటే జనం ఇంకా ఎక్కువయ్యారు. హార్లన్ మైకుతో సహా పరుగున వచ్చాడు.

"ఏమైంది పెద్దాయనా? జనం అడుగుతున్నారు."

ఎల్వుడ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మొహం పాలిపోయింది. కర్టిస్ వైపు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది కర్టిస్ దగ్గర పని చేయించుకునేవాళ్లే. హార్లన్ చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"బేరింగుకి నూనె అందలేదు. మావాడు పోసిన బేరింగులో ఏ లోపమూ లేదు. ఆ నూనె ఫిట్టింగులు మా అమ్మాయి చేసింది. లోర్నా. లోర్నా కెర్ష్నర్."

మైదానం ఆ చివర నుంచి ఈ చివర దాకా స్తంభానికొకటి చొప్పున కట్టిన మైకులన్నీ ఆ పేరు పలికాయి.

లోర్నా ఎవరివైపూ చూడలేదు. పానా తీసుకుని మోకాళ్ల మీద కూర్చుని ఆ బేరింగు తాలూకు గొట్టం విప్పింది. గొట్టం నిండా నూనె ఉంది. పైన గాజులో పడిన చుక్కలన్నీ దాంట్లోనే నిలిచి ఉన్నాయి, కిందికి ఒక్క చుక్క దిగలేదు. నట్టు వెనక్కి జరిపితే మరల సందుల్లో తెల్లగా కనపడింది. టేపు. మరల మీద చుట్టి, మూతి దాటించి చుట్టారు. బిగించినప్పుడు ఆ దాటిన ముక్క కోను కింద నలిగి, తెగి, బెజ్జంలోకి పోయి బిరడాలా కూర్చుంది. గుండుసూదితో లాగితే చిన్న పురుగులా బయటికి వచ్చింది.

అప్పటికి జనం పక్క ఇంజను వైపు కదిలారు. లోర్నా ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని తండ్రి ముందు నిలబడింది.

"ఇది ఎవరు చుట్టారు?"

కర్టిస్ తల దించుకున్నాడు. జవాబు ఎల్వుడ్ చెప్పాడు.

"నేనే చుట్టమన్నాను."

"ఎందుకు? వద్దని చెప్పానుగా! వీడికి చెప్పాను, నువ్వూ విన్నావు!"

"లోహం మీద లోహం కూర్చుంటే కారదన్నావు. ఏమో, జనం ముందు కారితే? మావాడు కట్టిన ఇంజను నూనె కక్కుతోందంటారు. భద్రంగా ఉంటుందని చుట్టమన్నాను. అందులో తప్పేముంది?"

"తప్పేముందా? నా పనిలో ఏ తప్పూ లేదు నాన్నా! నువ్వు నమ్మకపోవడం వల్ల పోయింది బేరింగు. ఇప్పుడు హార్లన్‌ని పిలిచి ఆ మాట చెప్పు. నాకేం వద్దు, ఆ ఒక్క మాట చెప్పు చాలు."

కర్టిస్ అడుగు ముందుకేశాడు. "నేను చెప్తానక్కా. చుట్టింది నేనే కదా."

"కూర్చో," అన్నాడు ఎల్వుడ్.

కర్టిస్ ట్రెయిలరు అంచు మీద కూర్చున్నాడు. సరిగ్గా బోర్డు కింద.

"విను," అన్నాడు ఎల్వుడ్ గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్టు. "వాడు పొద్దున లేస్తే వీళ్ల ఇళ్లకే పనికి పోవాలి. గొట్టానికి టేపు చుట్టి ఇంజను చంపాడు ప్లంబరని నవ్వుతారు. ఆ నవ్వు వాణ్ణి చచ్చేదాకా వదలదు. నీకేమిటి? నీ ఫ్యాక్టరీలో ఇదంతా ఎవడడుగుతాడు? నీకేం పోయింది?"

"నా పేరు పోయింది."

"పేరు పోవడమేమిటి?" ఎల్వుడ్ నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "మైకులో నీ పేరు చదివించమన్నావు. చదివించాను కదా. నేనే స్వయంగా చెప్పాను. ఇంకా ఏం కావాలి నీకు?"

లోర్నా ఆయన మొహంలో వెక్కిరింపు కోసం వెతికింది. ఉంటే ఎంత బాగుండేదో! తిరిగి నాలుగు అనేసి తేలికపడేది. కానీ ఆ ముసలి కళ్లలో అలాంటిదేమీ లేదు. అడిగింది ఇచ్చాను, బాకీ తీరిపోయింది అన్న నెమ్మది మాత్రం ఉంది. ఆయన లెక్కలో కూతురు కూడా సంతోషించాల్సిన రోజే అది.

ఆమె పానాలు ఫ్యాక్టరీ సంచిలో వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా బండ్లు నిలిపిన వైపు నడిచింది. "లోర్నా! ఆ గొట్టం అట్లా తెరిచి వదిలేస్తావేం, దుమ్ము పోదూ?" అని ఎల్వుడ్ అరవడం వినపడింది. దుమ్మే కాదు, ఏం పోయినా పోనీ అనుకుంది. అనుకుందే గానీ కాళ్లు ఒక్క క్షణం ఆగాయి. అందుకు ఆమెకు తన మీదే ఒళ్లు మండింది.

యాపిల్ ముద్ద డేగిసా దగ్గర ఒక పెద్దావిడ తెడ్డు తిప్పుతోంది. లోర్నా చొక్కా మీద కుట్టిన పేరు చూసి, తెడ్డు ఆపి, దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. మెత్తటి చెయ్యి, మంచి మనసు. మొహం నిండా జాలి.

"నువ్వేనా అమ్మా, ఆ ఎల్వుడ్ కూతురివి? ఇందాక మైకులో విన్నాను. బాధపడకు తల్లీ. ఆడపిల్లవి, అంతదాకా చేయగలిగావంటేనే గొప్ప. మీ నాన్న చూడు, పాపం, అంత నష్టం జరిగినా ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు నిన్ను."

లోర్నా రెండో చేతి గుప్పిట్లో ఆ టేపు ముక్క ఇంకా ఉంది. గుప్పిట విప్పి చూపిద్దామనుకుంది. కోను అంటే ఏమిటో, గుంట అంటే ఏమిటో, మొదటినుంచీ చెప్పాలి. చెప్పినా ఆవిడ వింటుంది, తల ఊపుతుంది, కూతురు తండ్రి మీద నేరం మోపుతోందనుకుంటుంది.

"అవునండి," అంది లోర్నా. "నేనే."

ఆవిడ ఆమె భుజం తట్టి, రొట్టె ముక్క మీద వేడి వేడి యాపిల్ ముద్ద రాసి చేతిలో పెట్టింది.